ఆర్గనిస్టుకు జీతం ఇవ్వండి

సంపాదకులు గారికి,

క్రిస్మస్ దగ్గరపడితే చర్చిల్లో అందరూ కీబోర్డు వాయించే కుర్రాడి కోసం వెతుకుతారు. పండుగ దాటాక అతని ఊసే ఉండదు. మా చర్చిలో ఆ పని చేసే అబ్బాయి పగలంతా సెల్‌ఫోన్ల షాపులో ఉంటాడు. రాత్రి తొమ్మిదికి షాపు కట్టేసి, తిండి కూడా తినకుండా వచ్చి క్వయర్‌తో, అంటే చర్చి పాటల బృందంతో, కూర్చుంటాడు. అతనికి నెలకు ఇంతని ఇద్దామని కమిటీ మీటింగులో అడిగాను. "దేవుడి పనికి జీతమేంటమ్మా?" అన్నారు పెద్దలు. వాచ్‌మన్‌కు ఇస్తున్నాం, మైక్ సెట్టుకు ఇస్తున్నాం, అందులో తప్పేమీ లేదు. పాట నడిపించేవాడి దగ్గరికి వచ్చేసరికే ఈ మాట ఎందుకు?

పారిస్‌లో లా ట్రినితే అనే చర్చి 1931లో ఒలివియే మెస్సియన్ అనే 22 ఏళ్ళ కుర్రాణ్ణి ఆర్గనిస్టుగా, అంటే ఆరాధనలో ఆర్గన్ వాయించేవాడిగా, పెట్టుకుంది. 1992లో చనిపోయేదాకా ఆయన అక్కడే ఉన్నారు. అరవై ఏళ్ళు! ఈలోగా ప్రపంచమంతా పేరున్న స్వరకర్త అయ్యారు. పారిస్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో బులేజ్, స్టాక్‌హౌజెన్ లాంటి స్వరకర్తలకు పాఠాలు చెప్పారు. అయినా చర్చి ఆర్గన్‌ను వదల్లేదు. ఆయన స్వరాలు చెవికి కటువుగా ఉన్నాయని భక్తులు ఫిర్యాదు చేసినా, చర్చి కూడా ఆయన్ను వదల్లేదు. అక్కడ ప్రసంగాల మధ్య అప్పటికప్పుడు అల్లి వాయించిన స్వరాల నుంచే, పరిశుద్ధ త్రిత్వం మీద 1969లో ఆయన రాసిన పెద్ద ఆర్గన్ రచన పుట్టింది.

మనకు దగ్గరి సంగతి ఇంకొకటుంది. 1940లో ఆయన జర్మన్లకు యుద్ధఖైదీగా చిక్కారు. గోర్లిట్జ్ క్యాంపులో తోటి ఖైదీలు ముగ్గురు వయొలిన్, చెల్లో, క్లారినెట్ వాయిస్తే, తాను పియానో ముందు కూర్చుని, కాలం ముగిసే ఘడియ గురించి రాసిన తన రచనను 1941 జనవరి 15న వినిపించారు. అందులో మొదటి భాగంలో పియానో నడక మన తాళాలదే: రాగవర్ధనం, చంద్రకళ, లక్ష్మీశం. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు 'సంగీత రత్నాకరం'లో చెప్పిన 120 దేశీ తాళాల్లోవి ఇవి. ఆ గ్రంథానికి వ్యాఖ్య రాసిన సింహభూపాలుడు మన రాచకొండ రాజు. చర్చిలో వాయించే మన పిల్లలకు ఈ తాళాల పేర్లయినా ఎవరు చెప్పారు?

మా చర్చి స్టోర్ రూమ్‌లో ఒక పాత కాళ్ళ హార్మోనియం ఉంది. మొన్న దుమ్ము తుడిచి, మీట నొక్కి కింద తొక్కితే బుస్సుమని గాలి వచ్చింది గానీ స్వరం రాలేదు. తిత్తులు చిరిగిపోయాయి. "రిపేరుకు ఎంతవుతుందాంటీ?" అని పక్కనుంచి ఆ అబ్బాయి అడిగాడు.

చర్చి కమిటీల పెద్దలకు నా మనవి ఒకటే. వచ్చే ఏడాది బడ్జెట్ రాసేటప్పుడు ఆర్గనిస్టు పేరున ఒక పద్దు పెట్టండి. మెస్సియన్ అంతటివాడు మన ఊళ్ళో పుడతాడో లేదో అని లెక్కలు వేయొద్దు. ఆదివారం ఆరాధన అయ్యాక ఒక రెండు గంటలు చర్చి తాళాలు ఆ అబ్బాయి చేతికిచ్చి వెళ్ళండి.

- క్వయర్ సభ్యురాలు, గుంటూరు