అప్పు మిరపకాయ కాలానికి ఇవ్వండి, కిస్తీ జనం వచ్చే కాలంలో తీసుకోండి

గౌరవనీయులైన తెలంగాణ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద ఒక ఊరు. మహిళా సంఘంలో పది మందిమి కలిసి కారం, పసుపు, ధనియాల పొడి పట్టించి అమ్ముకుంటున్నాం.

మాకు పెద్ద మొత్తం కావాల్సింది ఏడాదికి ఒక్కసారే. ఫిబ్రవరి, మార్చిలో కొత్త కాయ వచ్చినప్పుడే ఏడాదికి సరిపడా కొని, ఎండబెట్టి, తొడిమలు తీసి పెట్టుకోవాలి. తర్వాత గిర్నీలో పట్టిస్తూ నెలనెలా కొంచెం కొంచెం అమ్ముతాం. అప్పుకు మాత్రం మరుసటి నెల నుంచే కిస్తీ. నిరుడు మొదటి రెండు కిస్తీల కోసం, పట్టించాల్సిన కాయనే కొన్న రేటుకు తిరిగి వ్యాపారికి ఇచ్చేశాం. ఆ ఎండాకాలమంతా టెన్షనే. చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం 2020లో వచ్చిన కేంద్ర పథకంలో యంత్రాలకు 35 శాతం రాయితీ పెట్టారు, మంచిదే. మాకు గిర్నీ కంటే ముందు కాయ కొనే డబ్బు కావాలి.

ఇది మీకు ఎందుకు రాస్తున్నానంటే, సాగర్ గేట్లు ఎత్తితే హైదరాబాద్ నుంచి కార్లు బారులు తీరుతాయి. సాగర్ దగ్గర 2022లో తెరిచిన బౌద్ధ పార్కు బుద్ధవనానికీ జనం వస్తున్నారు. డ్యాం చూసి, చిప్స్ ప్యాకెట్లు కొనుక్కుని, చీకటి పడేలోపు వెళ్లిపోతారు. ఒకసారి కారు చెడిపోయి ఒక కుటుంబం మా ఊళ్లో ఆగింది. జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం పెట్టాం. పిల్లలు రోట్లో మేమే దంచుతామని పోటీపడ్డారు. వెళ్తూ మూడు కిలోల కారం కొన్నారు, ఇప్పటికీ ఫోన్ చేసి తెప్పించుకుంటారు. మన పాత నల్లగొండ జిల్లాలోని భూదాన్ పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామంగా ఎంపిక చేసింది. అక్కడ మగ్గం చూసి చీర కొంటారు. మా దగ్గర రోలు చూసి కారం కొంటారు.

కొత్త సంస్థ పెట్టమని అడగడం లేదు. మహిళా సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధి 2011 నుంచే ఉంది. ఊళ్లలో సహకార సంఘాలున్నాయి. కారం పట్టించేవాళ్లు, భోజనం పెట్టేవాళ్లు, ఇంట్లో గది ఇచ్చేవాళ్లు ఒకే సంఘంలో వాటాదారులైతే ఒకరి దగ్గరికి వచ్చిన అతిథి మిగతావాళ్లకూ గిరాకీ అవుతాడు. అప్పు ఫిబ్రవరిలో ఇచ్చి, గేట్లు ఎత్తి జనం వచ్చే ఆగస్టు నుంచి అమ్మకాల్లో, గది అద్దెల్లో కొంత పట్టుకోండి. వానలు లేక గేట్లు ఎత్తని ఏడాది వడ్డీ మాత్రం తీసుకుని అసలు వాయిదా వేయండి. ఆ భరోసా లేకపోతే మా ఆడవాళ్లు సంతకం పెట్టరు, నేనూ పెట్టమని చెప్పలేను.

సహకార శాఖతో మాట్లాడి, సాగర్ దగ్గర ఒక్క ఊరితోనైనా ఈ ఫిబ్రవరికే మొదలుపెట్టండి. లాంచీ స్టేషన్ దగ్గర మాకు ఒక దుకాణం ఇప్పించండి.

ఇట్లు,
ఒక మహిళా సంఘం సభ్యురాలు,
నల్లగొండ జిల్లా