డాల్ఫిన్ సిటీ కారుకీ నా వీటెక్ కారుకీ తేడా తెలిసిన మనిషి మీ కంపెనీలో ఒక్కరైనా ఉన్నారా?

నల్లకుంట, హైదరాబాద్
18 నవంబర్ 2025

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

పేరు రాయనందుకు ఏమీ అనుకోకండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం మీ పేరు, హోదా, మిమ్మల్ని ఎలా సంప్రదించాలో మీ వెబ్‌సైట్‌లో ఉండాలి. మూడుసార్లు వెతికాను. 'మా కథ' అన్న పేజీలో మీ యజమాని గారి కుక్కపిల్ల పేరు దొరికింది గానీ మీ పేరు దొరకలేదు.

ఈ ఉత్తరం నా పాత హోండా సిటీ కారుకి మీరు పంపిన తప్పు స్ప్రింగుల గురించి అనుకుంటే పొరపాటు. తప్పు సామాను రావడం నాకు కొత్త కాదు. రాణిగంజ్‌లో ఇరవై ఏళ్లుగా పార్టులు కొంటున్నవాణ్ణి. అక్కడా ఒక్కోసారి తప్పుది ఇస్తారు. వెనక్కి తీసుకెళ్తే కౌంటర్ వెనక సేట్ కళ్లజోడు పైకి తోసి, "అరె, గలత్ దే దియా" అని లోపలికి కేకేసి, నాకు చాయ్ చెప్పి, ఆ చాయ్ అయ్యేలోపు సరైనది తెచ్చి చేతిలో పెడతాడు. తప్పు జరిగిందని ఒక మనిషి నా ముందు ఒప్పుకున్నాడు, అంతే. యాభై రోజులుగా మీ దగ్గర నాకు దొరకనిది అదే.

నాది 2002 హోండా సిటీ, ఒకటిన్నర లీటర్ వీటెక్ ఇంజిన్ది, ఏపీ 9 నంబరు. కాగితాల మీద అది ఫ్యామిలీ కారే. కానీ ఆ రోజుల్లో మాబోటి జీతగాళ్లకి అదే స్పోర్ట్స్ కారు. 106 హార్స్‌పవర్. 2003లో దాని స్థానంలో వచ్చిన కొత్త మోడల్‌కి, అదే జనం డాల్ఫిన్ అనే సిటీకి, మొదట్లో ఇచ్చింది 77. ఈ తేడా గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇన్నేళ్లూ కారుని కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంచాను. ఈ ఏడు కాస్త డబ్బు పక్కన పెట్టి, తక్కువలో ఏం చేయొచ్చని రామ్‌నగర్‌లో మా మెకానిక్ భాయ్‌ని అడిగాను. "ముందుగాల మంచిగ ఆగాలె అన్నా, ఉరుకుడు దానికొచ్చు" అన్నాడు. అందుకే ఇంజిన్ జోలికి పోలేదు. చట్టం కూడా ఒప్పుకోదు, పైగా ఔటర్ రింగ్ రోడ్డు మీద స్పీడు 120 దాటితే చలానా ఇంటికొస్తుంది. నాలుగు మంచి టైర్లు ఇక్కడే వేయించాను. పాత బ్రేక్ ఫ్లూయిడ్ తేమ పీల్చేసుకుని ఉంటుంది, ఘాట్ దిగేటప్పుడు పెడల్ మెత్తబడిపోతుందని దాన్ని తీసేసి కొత్తగా డాట్ 4 రకం ఫ్లూయిడ్ పోశాడు. మిగిలినవి బ్రేక్ ప్యాడ్లు, ఎయిర్ ఫిల్టరు, కంపెనీ ఎత్తే ఉండి కాస్త గట్టిగా ఉండే నాలుగు సస్పెన్షన్ స్ప్రింగులు. దసరా ఆఫరంటే మీ దగ్గర సెప్టెంబర్ 24న ఆర్డర్ పెట్టాను. 23,640 రూపాయలు. మోడల్, సంవత్సరం, వేరియంట్ మీ సైటే అడిగింది, నేనే నింపాను. 2002 అనే నొక్కాను.

29న డబ్బా నేరుగా షెడ్డుకే వచ్చింది. అప్పటికే కారు జాకీల మీద ఉంది, పాత స్ప్రింగులు ఊడదీసి ఉన్నాయి. భాయ్ డబ్బా కోసి ఒక స్ప్రింగు చేతిలో తిప్పి చూసి, "అన్నా, ఇవి డాల్ఫిన్‌వి" అన్నాడు. ప్యాడ్లు, ఫిల్టరు సరిగ్గానే ఉన్నాయి. ఇక్కడివరకు నాకు కోపం లేదు.

ఆ సాయంత్రం మీ చాట్‌లోకి వెళ్లాను. బాట్ చాలా మర్యాదగా నా కారేదో అడిగింది. హోండా సిటీ అన్నాను. "చాలా మంచి కారు! మీ హోండా సిటీకి మా దగ్గర 14 రకాల సీటు కవర్లు ఉన్నాయి" అంది. 'తప్పు పార్టు' అని టైప్ చేశాను. 'పార్టు' అన్న మాట ఒక్కటే పట్టుకుని మళ్లీ సీటు కవర్లే చూపించింది. చివరికి 'మనిషి' అని ఒక్క మాట రాశాను. అర్థం కాలేదంది.

మర్నాడు ఫోన్ చేశాను. తెలుగు కోసం 4 నొక్కమన్నారు. సంతోషంగా నొక్కాను. ఆరు నిమిషాల సంగీతం తర్వాత, తెలుగువాళ్లు అందరూ బిజీగా ఉన్నారు, హిందీకి కలుపుతున్నామన్నారు. ఆ తర్వాత పదకొండు సార్లు ఫోన్ చేశాను, పదకొండుసార్లూ 4 నొక్కాను. తెలుగు మాట్లాడే ఆ మహానుభావుడు ఒక్కడే ఉన్నాడో, అసలు లేడో నాకు ఇంతవరకు తెలియదు.

మొదట దొరికిన అబ్బాయి మంచివాడే. "మీ బాధ నాకు పూర్తిగా అర్థమైంది సార్" అని తొమ్మిదిసార్లు అన్నాడు, లెక్కపెట్టాను. అర్థమయ్యాక అన్‌బాక్సింగ్ వీడియో పంపమన్నాడు. డబ్బా కోసింది షెడ్డులో గ్రీజు చేతులతో ఉన్న మెకానిక్ అని, పెళ్లి క్యాసెట్టులా వీడియో తీయాలని తెలియదని చెప్పాను. "అర్థమైంది సార్. వీడియో పంపండి" అన్నాడు. అది పదోసారి.

రెండో ఆవిడ ఇంకా తెలివైనది. "హోండా సిటీ అంటే హోండా సిటీయే కదా సార్?" అంది. ఓపిగ్గా చెప్పాను. అమ్మా, 2003లో బండి అడుగు నుంచి మొత్తం మారిపోయింది, డాల్ఫిన్‌లో పెట్రోల్ ట్యాంకు కూడా ముందు సీట్ల కిందకి వెళ్లిపోయింది, దాని స్ప్రింగులు దీనికి కూర్చోవు అని. నన్ను హోల్డ్‌లో పెట్టింది. ఇరవై రెండు నిమిషాల తర్వాత తిరిగొచ్చి అడిగింది: "సార్, మీరు పెట్రోల్ ట్యాంకు కూడా ఆర్డర్ చేశారా?"

ఈ మధ్యలో దసరా వచ్చింది. మా ఇంట్లో ఆయుధపూజ నాడు బండికి పూజ చేయకుండా అన్నం తినరు. మా ఆవిడ పసుపు, కుంకుమ, బంతిపూల దండ పట్టుకుని షెడ్డుకే వచ్చింది. కారు గాల్లో ఉంది. చక్రాలు గోడకి ఆనించి ఉన్నాయి. "నిమ్మకాయలు ఎక్కడ పెట్టమంటారు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. చివరికి జాకీల ముందు పెట్టి దణ్ణం పెట్టుకున్నాం. ఆ రోజు షెడ్డులో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

పికప్ సంగతి వినండి. అక్టోబర్ 8న అబ్బాయి వచ్చాడు, లేబుల్ లేదన్నాడు, వెళ్లిపోయాడు. 11న సెలవు పెట్టి పొద్దున తొమ్మిది నుంచి మా గేటు దగ్గర మెట్ల మీదే కూర్చున్నాను. పేపరు చదివాను, పక్కింటాయన పేపరూ చదివాను. మధ్యాహ్నం రెండింటికి మెసేజ్ వచ్చింది: 'కస్టమర్ అందుబాటులో లేరు, పికప్ రద్దయింది.' 13న మళ్లీ అదే అబ్బాయి స్లిప్పుతో సహా వచ్చాడు. స్లిప్పు మీద బ్రేక్ ప్యాడ్లు అని ఉంది. తప్పొచ్చినవి స్ప్రింగులు, వాపసు తీసుకెళ్లడానికి వచ్చింది సరైనవాటిని! ప్యాడ్లు అప్పటికే కారుకి బిగించేశామని చెప్తే పాపం తల గోక్కున్నాడు. "నేనేం చేస్త సార్, నాకు ఫోన్ల ఏముంటే గదే" అన్నాడు. మీ కంపెనీ మొత్తంలో నాతో నిజం మాట్లాడింది ఆ అబ్బాయొక్కడే. అతని మీద ఫిర్యాదేమీ లేదు, దయచేసి అతని జీతం కోయకండి.

ఆ మూడోసారి తర్వాత భాయ్ ఇక చాలన్నాడు. పాత స్ప్రింగులే మళ్లీ ఎక్కించి బండి దింపాడు. రెండు వారాలు అతని షెడ్డులో సగం స్థలం నా కారే తినేసింది. కూలీ అడగలేదు. నేనే 1,500 జేబులో పెట్టాను.

నా ఫిర్యాదు టికెట్‌ని ఇప్పటికి నాలుగుసార్లు మూసేశారు. మూసిన ప్రతిసారీ ఒకే మెయిల్: 'మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషం! మా సేవకి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?' నాలుగోసారి ఒక నక్షత్రం ఇచ్చాను. నమ్ముతారా, గంటలోపు మీ దగ్గర నుంచి ఫోన్ వచ్చింది! నెల రోజుల్లో మీరై నాకు చేసిన ఫోన్ అదొక్కటే. పరుగెత్తి ఎత్తాను. స్ప్రింగుల గురించి కాదు. నక్షత్రాలు ఎందుకు తగ్గాయి, ఐదు చేయడం కుదురుతుందా అని. స్ప్రింగుల మాటెత్తితే, అది వేరే డిపార్ట్‌మెంట్ అన్నారు.

ఆ వేరే డిపార్ట్‌మెంట్ సూపర్‌వైజర్ చివరికి నవంబర్ 4న, నేను చేసిన ఫోన్‌లోనే, దొరికాడు. రిటర్న్ గడువు పది రోజులని, అది అక్టోబర్ 9తో అయిపోయిందని చెప్పాడు. నా మొదటి ఫిర్యాదు సెప్టెంబర్ 29దని, మీ మొదటి పికప్ అబ్బాయి వచ్చింది 8న అని చెప్పాను. కాసేపు ఆగి, "సార్, ఇరవై మూడేళ్ల బండికి ఇంత ఖర్చెందుకు, అమ్మేసి కొత్తది తీసుకోవచ్చు కదా" అన్నాడు. మీ వ్యాపారమే పాత బండ్లకి పార్టులు అమ్మడం కదండీ! సలహాకి ధన్యవాదాలు చెప్పి పెట్టేశాను. పెట్టేశాక చాలాసేపు చెయ్యి వణికింది.

నేను 2016 నుంచి మీ కస్టమర్‌ని. మొదటి ఆర్డర్ వైపర్ బ్లేడ్లు, మీకు ఇంకా పేరు లేని రోజుల్లో. ఆదివారం తెల్లారుజామున కార్లలో అనంతగిరి కొండలకి వెళ్లే మా గుంపులో ఆరుగురు నా మాట మీదే మీ దగ్గర కొనడం మొదలుపెట్టారు. ఇప్పుడు వాళ్లు నన్ను 'డాల్ఫిన్ అన్న' అని పిలుస్తున్నారు. దీపావళికి మీరు పంపిన మెయిల్ వాళ్లకి చూపించడం నా తప్పే. 'డాల్ఫిన్ సిటీ ఓనర్లకి ప్రత్యేక కానుక' అని రాశారు. అంటే అప్పటికి మూడు వారాలుగా నేను మొత్తుకున్నది మీ కంప్యూటర్‌కి ఒక్కటే అర్థమైంది: నా దగ్గర డాల్ఫిన్ ఉందని.

నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని మీరు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. రెండూ దాటాయి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఇప్పటికే ఫోన్ చేశాను, అక్కడ తెలుగులో మాట్లాడారు కూడా. తర్వాతి మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. ఐదు లక్షల లోపు కొన్నదానికి అక్కడ ఫీజు లేదు, మీ ఆఫీసు ఏ రాష్ట్రంలో ఉన్నా నేనుండే ఊళ్లోనే కేసు వేయొచ్చు. నల్లకుంట నుంచి నాంపల్లి ఎంతో దూరం లేదు, వీటెక్‌లోనే వస్తాను. మీ వాళ్లు విమానంలో రావాలి. అప్పుడు స్ప్రింగుల డబ్బులు మాత్రమే అడగను. 1,500 కూలీ, పోయిన సెలవు, మానసిక వేదన, దసరా నాటి నిమ్మకాయలు, అన్నీ రాస్తాను. నేను పనిచేసేది అకౌంట్స్‌లో. లెక్క రాయడం నాకు బాగా వచ్చు.

అంతదాకా ఎందుకంటారా? సరే. స్ప్రింగుల వరకు 14,200 తిరిగి పంపండి. లేదా సరైనవి పంపండి, ఏదైనా నాకు ఒకటే. నిజానికి అదంతా తర్వాత చూద్దాం. ముందు ఒక మనిషి నాకు ఫోన్ చేయాలి. 4 నొక్కక్కర్లేకుండా. 'మీది వీటెక్, మేం పంపింది డాల్ఫిన్‌ది, తప్పు మాది' అనాలి. పదిహేను సెకన్ల పని. ఈ నెలాఖరు దాకా చూస్తాను.

స్ప్రింగులు మా మేడ మెట్ల కింద గోనెసంచిలో ఉన్నాయి. ఎవరినైనా పంపేటట్టయితే ఆదివారం పదింటి తర్వాత పంపండి, అంతకుముందు అనంతగిరి వెళ్తాను. స్లిప్పు మీద 'స్ప్రింగులు' అని ఉందో లేదో మీరే ఒకసారి చూసి పంపండి.

ఇట్లు,
మీ లెక్కల్లో నాలుగుసార్లు పరిష్కారమైపోయిన కస్టమర్

జతపరచినవి: బిల్లు, స్ప్రింగుల ఫోటోలు ఆరు, మీ మెయిళ్లు పదిహేడు, ఆర్‌సీ నకలు (2002 అన్నచోట ఎర్ర ఇంకుతో గీత గీశాను)