జిన్ పోల్చాలంటే ఐసు, టానిక్ తర్వాతే

సంపాదకులకు నమస్కారం.

విశాఖలో జిన్ (జునిపర్ అనే పొద కాయలతో వాసన పట్టించే మద్యం) రకాలు పోల్చి చూద్దామని కూర్చునేవారు చాలామంది మొదటి గ్లాసులోనే ఐసు, టానిక్ వాటర్ అనే చేదు సోడా నింపేస్తున్నారు. చల్లదనానికి వాసన అణిగిపోతుంది, టానిక్ చేదూ తీపీ మిగతాదాన్ని కప్పేస్తాయి. ఇక పోల్చడానికేం మిగిలింది?

మూతి సన్నగా ఉన్న గ్లాసులో 10 మి.లీ. చాలు. ముక్కు లోపలికి దించకుండా వాసన చూడాలి, దించితే ఆల్కహాల్ ఘాటుకి మొద్దుబారుతుంది. తర్వాత అన్నే నీళ్లు కలపాలి. 42.8 శాతం ఆల్కహాల్ ఉన్న జిన్ 21 దగ్గరికి దిగి, జునిపర్ కాయ వాసన, దాని వెనక ధనియాల నిమ్మ పరిమళం విడివిడిగా తెలుస్తాయి. నీళ్లు పడగానే కొన్ని జిన్‌లు పల్చటి గంజిలా మసకబారతాయి. కల్తీ అనుకుని పారబోయకండి. ఆల్కహాల్ పలచబడేసరికి కరిగి ఉండలేక దినుసుల నూనెలు బయటపడతాయి, అంతే.

వరస కూడా ముఖ్యమే. తీపి లేని లండన్ డ్రై రకం ముందు, తీపి ఓల్డ్ టామ్ రకం చివర. తిరగేస్తే డ్రై జిన్ ఉత్తి చేదనిపిస్తుంది. డచ్చివారి జునిపర్ మద్యం జెనెవర్‌ను వీటితో పోటీకి పెట్టడం అన్యాయం. మొలకధాన్యపు మద్యం దాని ప్రాణం, దాన్ని విడిగా చూడాలి. లండన్ డ్రై అన్నది ఊరి పేరు కాదు, పద్ధతి పేరు. బట్టీ దిగాక రంగు వేయకూడదు, తీపి లీటరుకు 0.1 గ్రాము దాటకూడదు.

పూటకు నాలుగు రకాలు మించితే నాలుక పనిచేయదు. మధ్యమధ్య నీళ్లు, ఉప్పులేని మరమరాలు తీసుకోండి. తర్వాత బీచ్ రోడ్డు మీదికి బండి తీయకండి.

– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం