ఎండా నీళ్లూ ఒకటే పాఠం

అరేయ్ దోస్తూ,

ఎట్లున్నావు? కరీంనగర్‌లో ఎండలు అప్పుడే దంచుతున్నాయట కదా, హన్మకొండలోనూ అంతే. మీ రెండో తరగతి పిల్లలకు చెట్లు, నీళ్ల పాఠం ఎట్లా చెప్పాలని అడిగావు. ఫోన్‌లో తెగేది కాదని తీరిగ్గా రాస్తున్నా.

నా మాట ఒక్కటే రా. నీళ్లను, ఎండను విడదీసి చెప్పకు. "వేర్లు నీటిని పీల్చుకుంటాయి" అని ఆపేస్తే, ఆ నీళ్లన్నీ చెట్టు కడుపులోనే ఉంటాయని పిల్లలు అనుకుంటారు. నిజానికి నూటికి 90 పాళ్లకు పైగా ఆకుల్లోని సన్నటి రంధ్రాల గుండా ఆవిరై గాల్లో కలుస్తాయి. పోతూ పోతూ ఆకులోని వేడినీ పట్టుకుపోతాయి. కొత్త కుండలో నీళ్లు చల్లబడేదీ ఇట్లాగే, కాబట్టి ముందు కుండ చూపించు.

తర్వాత బడిలో ఏ జామచెట్టో ఉంటే, పొద్దున్నే ఒక ఆకుల కొమ్మకు పలుచటి ప్లాస్టిక్ కవర్ తొడిగి దారంతో కట్టించు. పక్కనే ఎండుపుల్లకు ఇంకో కవర్ కట్టాలి, అది మరిచిపోకు. మధ్యాహ్నానికి ఆకులున్న కవర్ లోపల మసకబారి, చుక్కలు చేరి, కింది మూలకు జారతాయి. ఎండుపుల్ల కవర్‌లో ఏమీ ఉండదు. చుక్కలు ఎక్కడివో నువ్వు చెప్పకు, వాళ్లనే చెప్పనీ.

అసలు చిక్కు ఇక్కడుంది. ఆ రంధ్రాల్లోంచే చెట్టు గాలిని లోపలికి తీసుకుని తిండి తయారుచేసుకుంటుంది. తెరిస్తే నీళ్లు పోతాయి, మూస్తే తిండి ఆగుతుంది, ఆకు వేడెక్కుతుంది. రోజంతా ఈ బేరమే! మధ్యాహ్నం మక్కచేను దగ్గరికి తీసుకుపో. నీళ్లు చాలని మక్క ఆకు అంచులు లోపలికి ముడుచుకుని గొట్టంలా నిలబడుతుంది. ఎండకు తగిలే వైశాల్యం తగ్గించుకుంటుందన్నమాట. రాత్రికి కాస్త తేరుకుని పొద్దున మళ్లీ విచ్చుకుంటుంది. రెండు పూటలా అదే మొక్కను చూపిస్తే ఇంక బోర్డు అక్కర్లేదు.

ఏటూరునాగారం వైపు టేకుచెట్లైతే ఇంకా గట్టివి. నేలలో తడి తగ్గగానే ఆకులే రాల్చేస్తాయి. ఆకే లేకపోతే నీళ్లు పోయే దారి చాలావరకు మూతపడ్డట్టే. మోడైన మోదుగ హోలీ నాటికి ఒళ్లంతా పూలు పూస్తుంది చూడు, నాకు అదంటే ప్రాణం.

చలి సంగతి కూడా చెప్పు, చాలామంది వదిలేస్తారు. నేల చల్లబడితే వేర్లు నీళ్లు సరిగా తీసుకోలేవు. యాసంగి వరి నారు డిసెంబరు చలికి పసుపుబారి ఎదగకుండా ఉండిపోయేది అందుకే కూడా. మన రైతులు రాత్రి నారుమడి మీద పట్టా కప్పి పొద్దున తీస్తారు, చల్లటి నీళ్లు తీసేసి బోరు నీళ్లు పెడతారు. చలికాలం పొద్దున బోరు నీళ్లు గోరువెచ్చగా ఉంటాయని ఊరి పిల్లలకు తెలియంది కాదు.

కవర్ మాత్రం సాయంత్రం గుర్తుగా విప్పించు రా. రోజుల తరబడి అట్లాగే ఉంచితే ఎండకు లోపలి ఆకులు ఉడికిపోతాయి. పిల్లలు ఏమన్నారో రాయి, వాళ్ల మాటల్లోనే.

నీ దోస్తు
హన్మకొండ