వెంటిలేటర్ మీదున్న ఫ్లూ రోగికి ఫంగస్ పరీక్ష ఆలస్యం కాకూడదు

సంపాదకులకు నమస్కారం.

ఫంగస్ అనగానే మా శ్రీకాకుళం జిల్లాలో అందరికీ 2021 నాటి బ్లాక్ ఫంగస్సే గుర్తొస్తుంది. కన్ను వాచడం, ముక్కు చుట్టూ నల్లబడడం దాని లక్షణాలు. నేను రాస్తున్నది ఆస్పర్‌జిల్లస్ అనే వేరే ఫంగస్ గురించి. ఇది ముఖం మీద ఏ గుర్తూ చూపించదు. ఫ్లూతోనో కోవిడ్‌తోనో వెంటిలేటర్ మీదికి వెళ్లిన మనిషి ఊపిరితిత్తుల్లో పెరుగుతుంది.

ప్రభుత్వ ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఈ బూజు తడిసిన గడ్డివాములో, చెమ్మ గోడల మీద, మట్టిలో అంతటా ఉంటుంది. దాని రేణువుల్ని రోజూ పీలుస్తూనే ఉంటాం, ఒంట్లో శక్తి ఉంటే ఏమీ కాదు. వైరస్ శ్వాసనాళాల లోపలి పొరను పాడుచేశాక ఆ రక్షణ పోతుంది. పైగా స్టెరాయిడ్లు ఇస్తారు. కోవిడ్‌లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఎందరినో బతికించింది, ఆ మందును తప్పుపట్టను. కానీ ఫంగస్‌కు అవకాశం పెంచేదీ అదే.

మా వదినది కవిటి. ఉద్దానంలో చాలామందిలాగే ఆమె కిడ్నీలు అప్పటికే దెబ్బతిన్నాయి. ఫ్లూ ముదిరి విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పెట్టాం. ఎక్స్‌రేలో తెల్లమచ్చలు పెరుగుతుంటే యాంటీబయాటిక్ మార్చారు, మళ్లీ మార్చారు. ఫంగస్ కోసం చూడమని బతిమాలితే రక్తంలో గాలక్టోమన్నన్ (ఈ ఫంగస్ వదిలే పదార్థం) పరీక్ష చేసి నెగెటివ్ అన్నారు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం టెన్షన్ తగ్గలేదు. ఇలాంటి రోగుల్లో ఊపిరితిత్తుల్లో ఫంగస్ ఉన్నా రక్తపరీక్షలో చాలాసార్లు దొరకదు. బ్రాంకోస్కోపు, అంటే కెమెరా ఉన్న సన్నని గొట్టం ఊపిరితిత్తుల్లోకి దింపి, సెలైన్‌తో కడిగి తీసిన ద్రవంలో వెతకాలి. అది చేసేసరికి ఆలస్యమైంది. శాంపిల్ వేరే ఊరు పంపారు. పాజిటివ్ అని రిపోర్టు వచ్చేటప్పటికి వదిన లేదు.

ఇదేదో అరుదైన జబ్బు కాదు. నెదర్లాండ్స్, బెల్జియం దేశాల్లో ఐసీయూలో చేరిన 432 మంది ఫ్లూ రోగుల్ని పరిశీలిస్తే 83 మందికి, అంటే నూటికి 19 మందికి ఈ ఫంగస్ ఉందని 2018లో తేలింది. మూడు నెలల్లోపు ఫంగస్ ఉన్నవారిలో 51 శాతం, లేనివారిలో 28 శాతం చనిపోయారు. చాలామందిలో ఐసీయూలో చేరిన కొద్ది రోజులకే బయటపడింది. అంటే వారం చూసి, యాంటీబయాటిక్ మార్చి, అప్పుడు ఆలోచిద్దామంటే కుదరదు.

మా ప్రాంతానికి ఇంకో చిక్కుంది. ఈ ఫంగస్‌కు ప్రధానంగా వాడే వోరికొనజోల్ ఇంజెక్షన్‌లో మందును కరిగించే పదార్థం కిడ్నీలు పనిచేయనివారిలో పేరుకుంటుంది. యాంఫోటెరిసిన్ అనే మరో మందు కిడ్నీలకే దెబ్బ. ఇసావుకొనజోల్ లాంటివి వాడొచ్చు గానీ ఖరీదెక్కువ. కాబట్టి ఉద్దానం రోగికి ఊహ మీద మందు ఎక్కించడం కష్టం. రోగం ఏదో ముందు తేలాలి.

శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో ఈ ఊపిరితిత్తుల ద్రవ పరీక్ష ఏ రోజు శాంపిల్ ఆ రోజే జరిగేలా చూడాలని ఆరోగ్యశాఖను కోరుతున్నాను. గంటలోపు ఫలితమిచ్చే స్ట్రిప్ కిట్లు కూడా వచ్చాయి. 2021లో బ్లాక్ ఫంగస్‌ను ఆరోగ్యశ్రీలో చేర్చినట్టే ఈ పరీక్ష, మందుల ఖర్చంతా ప్రభుత్వం భరించాలి. ఐసీయూ పక్కన గోడలు పగలగొట్టే పనులుంటే ఫంగస్ రేణువులుండే దుమ్ము లోపలికి రాకుండా మూసి చేయించాలి. వచ్చే ఫ్లూ సీజన్‌కి ముందే ఇవన్నీ జరగాలి.

— ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్, నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా