కారు ఎక్కడ పెడతావో ముందు అది చెప్పు

ఒరేయ్ సత్తిబాబూ,

నీ మెసేజ్ చదివాను. పిల్లలకి పాపికొండలు చూపించడం, మీ అమ్మగారికి పేరంటపల్లి శివుడి దర్శనం, అన్నీ బాగానే ఉన్నాయి గానీ, రాత్రి పదింటికి హైదరాబాద్‌లో బయల్దేరి తెల్లారేసరికి రాజమండ్రిలో దిగి అటునుంచి అటే బోటెక్కేస్తానన్నావు చూడు, అదొక్కటే నాకు నచ్చలేదు. నాలుగొందల కిలోమీటర్ల పైచిలుకు రాత్రంతా నడిపినవాడివి బోటులో కునుకు తీస్తావే గానీ కొండలేం చూస్తావు? పైగా సాయంత్రం చీకటి పడ్డాక మళ్ళీ నువ్వే నడపాలి.

ఇంకోటి, మన చిన్నప్పటిలా రాజమండ్రి రేవులో బోటెక్కడం ఇప్పుడు లేదు. పోలవరం డ్యామ్ అడ్డం వచ్చాక బోట్లు దానికి ఎగువన, గండిపోచమ్మ గుడి దగ్గర నుంచి బయల్దేరుతున్నాయి. రాజమండ్రి నుంచి సీతానగరం, పురుషోత్తపట్నం మీదుగా గంటన్నర వేసుకో. అందుకే టికెట్ బుక్ చేసేటప్పుడు ఏజెంటు ఏడున్నర అన్నాడంటే, అది రాజమండ్రిలో వాళ్ళ బస్సు ఎక్కే టైమా, రేవు దగ్గర ఉండాల్సిన టైమా అని గట్టిగా అడుగు. చాలామంది ఇక్కడే పరుగులు పెడుతుంటారు.

అసలు తేల్చుకోవాల్సింది బోటు ఎక్కడ ఎక్కుతావన్నది కాదు, ఎక్కడ దిగుతావన్నది. పొద్దున్న వెళ్ళి సాయంత్రం అదే రేవుకి వచ్చేస్తే కారు ఎక్కడ పెట్టినా ఇబ్బంది లేదు. కానీ నువ్వు, వీలైతే పోచవరం దగ్గర దిగిపోయి భద్రాచలం వెళ్ళి రాములవారిని కూడా చూసేస్తాం అన్నావు. మరి కారో? అది గండిపోచమ్మ దగ్గరే ఉంటుంది, నువ్వు భద్రాచలంలో ఉంటావు. చింతూరు, మారేడుమిల్లి ఘాట్ రోడ్డు, రంపచోడవరం అన్నీ తిరిగి కారు కోసం రావాలి, అదీ ముసలావిడనీ పిల్లల్నీ వెంటేసుకుని. యాక్టింగ్ డ్రైవర్‌ని పెట్టి ఘాట్ మీదుగా కారు అటు పంపిస్తానంటావా, ఆ కొండల్లో ఫోను సిగ్నల్ సరిగ్గా ఉండదు, వాడెక్కడున్నాడో నీకు తెలీదు, నువ్వెక్కడున్నావో వాడికి తెలీదు. టూరంతా టెన్షన్. నా మాట విని ఈసారికి వెళ్ళి వచ్చేసే టికెట్టే తీసుకో. భద్రాచలం ఇంకోసారి నేరుగా రోడ్డు మీద వెళ్ళొచ్చు, రాముడు ఎక్కడికీ పోడు.

కారు గండిపోచమ్మ దాకా తీసుకెళ్ళాలా వద్దా అంటే, మా బావమరిది తీసుకెళ్ళమంటాడు, నేను వద్దంటాను. గుడి చుట్టుపక్కల జాగా ఉంటుంది గానీ కార్తీక మాసంలో, ఆదివారాల్లో బస్సులతో నిండిపోతుంది. సాయంత్రం బోట్లన్నీ ఇంచుమించు ఒకేసారి వస్తాయి, ఇక అన్ని బండ్లూ ఒకే రోడ్డెక్కుతాయి. నువ్వు వినకుండా తీసుకెళ్ళావే అనుకో, ఇసుకలోకి మాత్రం దింపకు, బండి ముక్కు రోడ్డు వైపు ఉండేలా పెట్టు. లేదంటే రాజమండ్రిలో లాడ్జి తీసుకుని కారు అక్కడే పడేసి కంపెనీ బస్సులో హాయిగా పోవచ్చు. లాడ్జి బోర్డు మీద కార్ పార్కింగ్ అని ఉందని నమ్మేయకు. పోయినేడాది మావాళ్ళు అలాగే దిగితే సెల్లార్‌లో సగం జనరేటర్, మిగతా సగం స్కూటర్లు. నీదేమో ఇన్నోవా. ముందే ఫోన్ చేసి, పెద్ద బండి పడుతుందా, రాత్రి వాచ్‌మన్ ఉంటాడా అని అడిగి తెలుసుకో.

దీనికంటే మంచిది ఇంకోటుంది. ముందు రోజు పగటిపూట బయల్దేరి మా ఇంటికొచ్చెయ్. విజయవాడ, ఏలూరు, తణుకు మీదుగా వచ్చి సిద్ధాంతం వంతెన దాటితే రావులపాలెం, అక్కడ కుడికి తిరిగితే కొత్తపేట మీదుగా అమలాపురం. రాత్రికి భోంచేసి పడుకుంటే, తెల్లారగట్ల నాలుగున్నరకి నేను లేపుతాను. మళ్ళీ రావులపాలెం వచ్చి జొన్నాడ వంతెన ఎక్కి వేమగిరి మీదుగా రాజమండ్రికి రెండు గంటలు. డిసెంబరులో మంచు బాగా పడుతుంది, ముందున్న లారీ కూడా కనబడదు, అందుకని ఒక అరగంట ఎక్కువే వేసుకో. పెళ్ళి ముహూర్తాలుంటే కడియపులంక దగ్గర పూల బండ్లు కూడా అడ్డం వస్తాయి.

సంక్రాంతి మూడు రోజులూ మాత్రం వద్దురా బాబూ. విజయవాడ రోడ్డు మీద పంతంగి టోల్ దగ్గరే నీకు సగం రాత్రి గడిచిపోతుంది. కార్తీకం వెళ్ళాక, పండగ హడావుడి మొదలవకముందు, ఏదైనా మంగళ బుధవారాలు చూసుకో.

మీ అమ్మగారు భయపడుతున్నారన్నావు, నిజమే, 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగిపోయిన సంగతి ఎవరు మర్చిపోతారు? అప్పుడు గోదావరి వరద మీద ఉంది. ఆ తర్వాత చాలాకాలం బోట్లు ఆపేసి, రేవుల దగ్గర కంట్రోల్ రూములు పెట్టాక వదిలారు. వరద రోజుల్లో బోట్లు ఆపేస్తారు, శీతాకాలం నది నెమ్మదిగా ఉంటుంది అని చెప్పు. లైఫ్ జాకెట్ బోటు దిగేదాకా విప్పొద్దని పిల్లలకి ఇప్పటినుంచే చెప్పి ఉంచు, సెల్ఫీల కోసం మొదట విప్పేది వాళ్ళే. అందరి ఆధార్ కార్డులూ పెట్టుకో. ఫాస్టాగ్‌లో డబ్బులు చూసుకో.

టికెట్లకి డబ్బు కట్టేముందు తేదీ నాకు చెప్పు, నేను సెలవు పెట్టాలి. నేను కూడా వస్తే తిరుగు ప్రయాణంలో స్టీరింగ్ నేను పట్టుకుంటాను, నువ్వు వెనక సీట్లో పడుకుందువు గాని.

నీ
బుజ్జి