మా రక్తం తీసుకున్నారు, జవాబు ఎప్పుడిస్తారు?

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. టైప్ 2 మధుమేహం మీద మీ శాఖ నిధులతో నడిచిన దీర్ఘకాల అధ్యయనం గురించి మీకు కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. మొదలుపెట్టిందీ మీ శాఖే, ఆపిందీ మీ శాఖే. అందులో చేరిన షుగర్ పేషెంట్లలో నేనొకణ్ణి. పంపిన అర్జీలన్నిటికీ "పరిశీలనలో ఉంది" అన్న ముక్క తప్ప ఏమీ రాలేదు కనుక, ఇప్పుడిలా అందరి ముందూ రాయాల్సి వస్తోంది.

లావు లేనివాళ్లకు కూడా ఈ జబ్బు ఎందుకొస్తోంది, ఒకరికి పనిచేసిన మందు ఇంకొకరికి ఎందుకు పనిచేయదు, ఇది తేలాలంటే పదేళ్లపాటు చూస్తూ ఉండాలన్నారు. ఎవరి ఫలితాలు వాళ్లకు చెబుతామన్నారు. నమ్మాం. పరగడుపున వెళ్లి 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీళ్లు తాగాం. కడుపులో తిప్పుతున్నా కుర్చీలోంచి కదల్లేదు. అరగంటకోసారి రక్తం తీసేవారు. నరం దొరక్కపోతే ఈ చెయ్యి వదిలి ఆ చెయ్యి. పక్క కుర్చీలో మా అబ్బాయి. వాడికి షుగర్ లేదు. రాకముందు ఒంట్లో ఏం జరుగుతుందో చూడాలని పిల్లల్ని కూడా తీసుకురమ్మన్నారు మరి. వాడి ఇన్సులిన్ రీడింగ్ ఎంతో ఇవాళ్టికీ మాకు తెలియదు.

తర్వాతి విడతకు పిలుపు రాలేదు. ఫోన్ చేస్తే, "ప్రాజెక్టు క్లోజ్ అయిందండీ, సిబ్బంది కాంట్రాక్టు కూడా అయిపోయింది" అన్నారు. రక్తం సంగతి అడిగితే ఫ్రీజర్లో ఉండొచ్చన్నారు. ఉండొచ్చట! ఆ గొట్టాల మీద అంటించిన బార్‌కోడ్లకూ మా పేర్లకూ లంకె ఉన్న కంప్యూటర్ ఎవరి దగ్గరుందో చెప్పే నాథుడు లేడు. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకి పొమ్మంటుంది, అక్కడికి వెళితే ఫైలు పైకి వెళ్లిందంటారు. ఆ పైన ఉన్నది మీరే కదండీ?

ఇలాంటి పని మధ్యలో ఆపేస్తే ఏం పోతుందో మీ సలహాదారులు మీకు చెప్పే ఉండాలి. బ్రిటన్‌లో షుగర్ పేషెంట్ల మీద యూకేపీడీఎస్ అనే అధ్యయనం 1977లో మొదలైంది. ఫలితాలు 1998లో వచ్చినప్పుడు, షుగర్ అదుపులో పెడితే కళ్లకూ కిడ్నీలకూ మేలని తేలింది గానీ గుండెపోట్లు తగ్గుతాయని గట్టిగా చెప్పలేకపోయారు. అక్కడితో మూటకట్టేయలేదు వాళ్లు. ఆ పేషెంట్లనే మరో పదేళ్లు గమనిస్తే, మొదట్లోనే అదుపులో పెట్టినవాళ్లకు గుండెపోట్లూ మరణాలూ తగ్గాయని 2008లో బయటపడింది. చైనాలోని దాచింగ్‌లో 1986లో మొదలైన అధ్యయనంలో తిండి, వ్యాయామం మార్పించింది ఆరేళ్లే. దానివల్ల మరణాలు తగ్గిన సంగతి 23 ఏళ్ల లెక్క తీశాక గానీ స్పష్టం కాలేదు. ఆ రెండు చోట్లా మీలాంటి మంత్రి గారు ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికే భయంగా ఉంది.

జబ్బు బయటపడే నాటికే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల పని సగానికి పడిపోయి ఉంటుందని ఆ బ్రిటన్ అధ్యయనమే అంచనా వేసింది. అంటే అసలు కథ అంతకు ఏళ్ల ముందే మొదలవుతుంది. దాన్ని పట్టుకోవాలనే కదా మా పిల్లల రక్తం తీసుకున్నది!

మీరేమో పరీక్షా శిబిరాలకు రిబ్బన్లు కత్తిరిస్తున్నారు. మంచిదే, కాదనను. అక్కడ షుగర్ ఉందని తేలినవాడికి ఇచ్చే కరపత్రంలో మాత్రం "తక్కువ తినండి, నడవండి" అనే ఉంటుంది, తప్పంతా వాడిదే అన్నట్టు. నడుస్తూనే ఉన్నాం సార్. మెట్‌ఫార్మిన్ వేసుకుంటూ, డోసు పెంచుకుంటూ, అది చాలక ఇంకోటి కలుపుకుంటూ నడుస్తున్నాం. నాకు ఏ మందు పడుతుందో ముందే చెప్పే దారి ఉందా అంటే మా డాక్టరు గారు, "వేసి చూద్దాం" అంటారు. ఆయన తప్పేం లేదు. ఆ దారి వెతకాల్సిన పనినే మీరు ఆపారు.

దయచేసి అధ్యయనాన్ని మళ్లీ మొదలుపెట్టించండి. అది కుదరదంటే ఎందుకు కుదరదో చెప్పండి. రక్తం నమూనాలు ఎక్కడున్నాయో, పాడయ్యాయో, ఎవరి చేతిలో ఉన్నాయో రాతపూర్వకంగా తెలియజేయండి. మా ఫలితాలు మాకు ఇప్పించండి. మావి ఆలస్యమైనా సరే, పిల్లలవి ముందు ఇప్పించండి.

ఇట్లు,
అధ్యయనంలో చేరిన ఒక షుగర్ పేషెంటు